ఖాళీ గడి పక్కన విభక్తి

తెలుగులో పెట్టుకున్న కంప్యూటరులో ఫైళ్ళను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినప్పుడు తెర అడుగున ఇలాంటి వరుస ఒకటి కనిపిస్తుంది: '3 ఫైళ్ళను ఊరు అనే ఫోల్డరులోకి మార్చాం.' రెండు సెకన్లు ఉండి పోతుంది. ఆ వరుసలో 'అనే' ఎందుకుందో, అది లేకపోతే ఏమయ్యేదో చదివేవారికి తట్టదు. అలా తట్టనివ్వకుండా రాయడానికి ఎవరో ఒక సాయంత్రమంతా కూర్చుని ఉంటారు.

ప్రోగ్రాము రాసేవాళ్ళు ఇలాంటి వాక్యాలను ఖాళీలతో వదిలేస్తారు. ఎన్ని ఫైళ్ళు, ఏ ఫోల్డరు అన్నది వాడేవాళ్ళు నొక్కినప్పుడు గానీ తేలదు. ఇంగ్లీషుకు దీంతో ఇబ్బంది లేదు. అక్కడ విభక్తి పని చేసే మాట పేరుకు ముందు విడిగా నిలబడుతుంది, పేరును ముట్టుకోదు. మన విభక్తి అలా ఊరుకోదు. పేరు చివర అతుక్కుంటుంది, అతుక్కుంటూ ఒక్కోసారి పేరునే మార్చేస్తుంది. సీతకు, హరికి. ఊరు ఊరికి అవుతుంది, ఇల్లు ఇంటికి అవుతుంది. ఖాళీలోకి రాబోయేది సీతో హరో ఊరో తెలియకుండా దాని పక్కన 'కు' రాయాలా, 'కి' రాయాలా? ఏది రాసినా ఎక్కడో ఒకచోట తప్పుతుంది. 'ఇల్లులోకి మార్చాం' అని తెర మీద పడితే చదివిన అవ్వ కూడా నవ్వుతుంది.

ఈ చిక్కు విప్పే దారులు ఉన్నాయి. ఖాళీ తర్వాత 'అనే' అని చేర్చి, దాని పక్కన ఎప్పటికీ మారని ఒక నామవాచకం పెట్టి, విభక్తిని ఆ నామవాచకానికి తగిలించడం ఒకటి. అప్పుడు ఖాళీలో ఏ పేరు వచ్చినా వాక్యం కుదురుగా ఉంటుంది. వాక్యాన్నే రెండుగా విడగొట్టి, ముందు 'అందుకునేవారు' అని రాసి, పేరును చివర ఒంటరిగా వదిలేయడం ఇంకొకటి. గుంపులో ఎవరో కొత్తగా చేరినప్పుడు వచ్చే వరుసకు వేరే చిక్కు. చేరాడా, చేరిందా? అక్కడ 'చేరారు' అంటే ఆడా మగా అన్న ప్రశ్నా తీరుతుంది, మర్యాదా దక్కుతుంది. లెక్కల విషయంలో భాషకో తీరు. అరబ్బీ అనువాదకులు ఒకే వాక్యాన్ని లెక్కను బట్టి ఆరు రూపాల్లో రాయాలి, జపాను భాషకు ఒక్కటి చాలు. తెలుగుకు రెండు: ఒక ఫైలు, అంతకు మించితే ఫైళ్ళు. మెనూలో 'ఫైలు' అన్న మాట పక్కన బ్రాకెట్లలో ఇంగ్లీషు 'ఎఫ్' అక్షరం ఉండిపోవడం మీలో కొందరు గమనించే ఉంటారు. అది అనువాదకుల మరపు కాదు. కీబోర్డు మీద ఆ అక్షరం నొక్కితే మెనూ తెరుచుకోవాలి కాబట్టి తెలిసి ఉంచినది.

ఇవన్నీ చేసేది జీతగాళ్ళు అనుకుంటాం. కొంతవరకు నిజం. కానీ తెలుగు కంప్యూటరు వెనక ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనిలో పెద్ద వాటా స్వచ్ఛందంగా పని చేసేవాళ్ళది, వాళ్ళలో చాలామంది ఇంజనీరింగ్, డిగ్రీ విద్యార్థులు. కాలేజీలో వాళ్ళను అంబాసిడర్ అంటారు, క్లబ్ మెంబర్ అంటారు, గ్లగ్ కోఆర్డినేటర్ అంటారు. గ్లగ్ అంటే గ్నూ లినక్స్ వాడేవాళ్ళ బృందం. పేరు ఏదైనా, పోస్టరు అంటించి సెషన్ పెట్టడం వాళ్ళ పనిలో పైకి కనబడే భాగం. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది కనబడని భాగం గురించి. సాఫ్ట్‌వేరును ప్రచారం చేసే విద్యార్థికి అసలు అర్హత ఆ సాఫ్ట్‌వేరు మీద తన చేయి పడటమే అని నా నమ్మకం. ఆ చేతిపని ఎంత నాణ్యంగా ఉంటుందో దగ్గరగా చూస్తే ఈ పిల్లల మీద గౌరవం పెరుగుతుంది.

మన మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు నుంచి ఏటా ఇంటర్ ముగించిన పిల్లలు గుంటూరు రైలెక్కి, బస్సులెక్కి విజయవాడ, హైదరాబాదు, ఒంగోలు కాలేజీలకు పోతారు. మిగిలినవాళ్ళు మార్కాపురం చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కళాశాలల్లోనే చేరతారు. చాలామందికి సొంత కంప్యూటరు మొదటి ఏడాదిలో గానీ చేతికి రాదు. అందులో ఏముందో విప్పి చూసే హక్కు తమకుందని ఎవరూ చెప్పరు. ఆ మాట మొదట చెప్పేది తరచుగా తమకంటే రెండేళ్ళు పెద్దయిన సీనియర్ అక్కో అన్నో.

ఆ హక్కు సంగతి కొత్తది కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పుడే, ప్రోగ్రామును వాడటం, చదవడం, మార్చడం, పంచడం అందరికీ ఉండాల్సిన స్వేచ్ఛలు అన్న ఆలోచన మొదలైంది. 1991లో లినక్స్ మొదలుపెట్టినప్పుడు లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకి విశ్వవిద్యాలయంలో 21 ఏళ్ళ విద్యార్థి. మన దగ్గర 2005లో 'స్వేచ్ఛ' సంస్థ మొదలై, డెబియన్ ఆధారంగా తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అదే పేరుతో విడుదల చేసింది. ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్లగ్‌లు పెట్టించి, విద్యార్థులను ఈ పనిలోకి దించింది. పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ', ఇంజనీరింగ్ విద్యార్థులే ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం తయారు చేసుకునే 'ఈ-స్వేచ్ఛ' దాని కొమ్మలే.

కంపెనీలు నడిపిన అంబాసిడర్ పథకాలూ ఉన్నాయి. సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో తన సొలారిస్‌ను ఓపెన్ సొలారిస్‌గా తెరిచి, భారతదేశంతో సహా చాలా దేశాల విశ్వవిద్యాలయాల్లో క్యాంపస్ అంబాసిడర్లను పెట్టింది. 2010లో ఒరాకిల్ సన్‌ను కొన్నది. ఆ ఏడే ఓపెన్ సొలారిస్ ఆగిపోయింది, అంబాసిడర్ల పథకం కూడా పోయింది. కోడు మాత్రం పోలేదు. అప్పటికే తెరిచి ఉండటం వల్ల బయటివాళ్ళు దాన్ని తీసుకుని ఇల్యూమోస్ పేరుతో నడుపుతున్నారు. మొజిల్లా వాళ్ళ ఫైర్‌ఫాక్స్ స్టూడెంట్ అంబాసిడర్లు మన కాలేజీల్లోనూ ఉండేవారు, తర్వాత ఆ పథకం క్యాంపస్ క్లబ్బులుగా మారింది. బ్యాడ్జీలు, స్టిక్కర్లు ఆ కాలంతో పోయాయి. ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు వరుసలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో చాలా వరుసలు ముందు ఎవరో సూచనగా రాయగా, అనుమతి ఉన్న మరొకరు చూసి ఆమోదిస్తే లోపలికి వెళ్ళినవి.

వీళ్ళకంటే ముందు దారి వేసినవాళ్ళను తలచుకోకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలవడానికి కారకుడైన వెన్న నాగార్జునే 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను రాశారు. ఆ రోజుల్లో ఒక్కో తెలుగు పత్రిక వెబ్‌సైటు ఒక్కో సొంత ఫాంటు పెట్టుకునేది. ఆ ఫాంటు లేకపోతే తెర మీద అర్థం లేని గుర్తులే. పద్మ వాటిని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. వీవెన్ తయారు చేసిన 'లేఖిని' ఇంగ్లీషు కీబోర్డుతోనే తెలుగు రాసే వీలు కల్పించి ఎందరినో బ్లాగుల్లోకి తెచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ పంపిణీల్లో చేరాయి. తర్వాత సిలికాన్ ఆంధ్ర ద్వారా ఇంకో గుత్తి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. వాటిలో కొన్నిటి పేర్లు శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ. రాయల భార్య, గజపతి కూతురు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే కంభం చెరువు నీళ్ళు తాగిన ప్రాంతం వాళ్ళకు ఆ పేర్లు కాస్త దగ్గరగా అనిపిస్తాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని దగ్గరికి వస్తాను. అచ్చుదిద్దడం.

వికీసోర్స్ అనేది పాత పుస్తకాలను స్కాను చేసి, పుట పక్కన పుటగా టైపు పాఠం పెట్టి, అందరూ ఉచితంగా చదువుకునేట్టు చేసే చోటు. 2014, 15 ప్రాంతంలో విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు తెలుగు వికీ ప్రాజెక్టుల పనిలోకి దిగారు. ఆ తర్వాత మరికొన్ని కాలేజీల విద్యార్థులూ వచ్చారు. తెర మీద ఎడమవైపు బొమ్మగా ఉన్న పుట, కుడివైపు యంత్రం చదివి ఇచ్చిన పాఠం. ఈ రెండూ కలిసేదాకా దిద్దాలి. వినడానికి ఇంతే.

యంత్రం తెలుగును ఎలా చదువుతుందో చూడండి. 'మ'ను 'య' అంటుంది, 'థ'లో చుక్క కనబడకపోతే 'ధ' అంటుంది, 'ఘ'కూ 'ఝ'కూ తేడా తెలియక తికమక పడుతుంది. ఇవి తేలికైన తప్పులు, చదువుతుంటేనే పట్టుబడతాయి. కష్టమైనది వలపలగిలక. పాత అచ్చులో 'ధర్మము' అన్న మాటను 'ధ' రాసి, 'మ' రాసి, దాని కుడిపక్కన రేఫకు గుర్తుగా ఒక కొక్కెం వేసేవారు. ఆ కొక్కెం తెలుగు అంకె తొమ్మిదిలాగే ఉంటుంది. యంత్రానికి అది అంకెగానే కనబడుతుంది, 'ధమ౯ము' అని ఇస్తుంది. కొత్తగా వచ్చిన విద్యార్థికి వెంటనే ఒక తెలివైన ఉపాయం తోస్తుంది. పుస్తకం మొత్తంలో తొమ్మిది ఉన్నచోటల్లా ఒకే దెబ్బకు రేఫ పెట్టేస్తే పోలా? పోదు. ఆ పుస్తకం ముఖపత్రం మీద అచ్చయిన సంవత్సరం ౧౯౦౯ అని ఉండవచ్చు. పుటల అంకెలున్నాయి, పద్యాల సంఖ్యలున్నాయి. ఒక్క దెబ్బతో అవన్నీ పాడవుతాయి. పైగా రేఫ చేరాల్సింది ఆ గుర్తు ఉన్నచోట కాదు, దాని ముందున్న హల్లుకు ముందు. అందుకే పని తెలిసినవాళ్ళు ఒక చిన్న ప్రోగ్రాము రాసుకుంటారు. హల్లు తర్వాత తొమ్మిది వచ్చినచోటును మాత్రం అది గుర్తించి రంగు వేసి చూపాలి, మార్చాలా వద్దా అన్నది మనిషి నిర్ణయించాలి. ఎంత యంత్రానికి వదలాలి, ఎక్కడ చేయి పెట్టాలి అన్న ఈ కొలత పుస్తకాల్లో రాదు. నాలుగు పుటలు చెడగొట్టి, సీనియర్ వెనక్కి తిప్పి, ఎందుకో చెప్పాక వస్తుంది.

ఇంకా ఉన్నాయి. అరసున్న ఉంటే ఉంచాలి, 'వాఁడు'ను 'వాడు' చేయకూడదు. బండి 'ఱ' ఉంటే ఉంచాలి. మనకు ఈనాటి స్పెల్లింగు సరైనదనిపించినా పుస్తకంలో ఉన్నదే రావాలి. అచ్చుతప్పు అని రూఢిగా తెలిసినా దాన్ని దిద్దేయకుండా అలాగే ఉంచి, పక్కన గుర్తు పెట్టాలి. వరుస చివర విరిగిన మాటను కలపాలి. పుట నెత్తిన ఉన్న పుస్తకం పేరు, పుట సంఖ్య వేరే గడిలోకి పోవాలి, లేకపోతే అధ్యాయమంతా కలిపి చదివేటప్పుడు ఆ పేరు వాక్యం మధ్యలో వచ్చి పడుతుంది. ఇక పుస్తకం ఎంచుకునే ముందు రచయిత ఎప్పుడు కన్నుమూశారో చూడాలి. మన దేశంలో రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ళ దాకా కాపీహక్కు ఉంటుంది. 20 ఏళ్ళ పిల్లలు ఒక మరచిపోయిన రచయిత మరణ సంవత్సరం కోసం పాత సాహిత్య చరిత్రలు తిరగేయడం, అది దొరికాక ఆయన రాసిన ముందుమాట దాకా చదివేయడం మామూలే. తెలుగు సాహిత్యం పాఠంగా చదువుకోని ఇంజనీరింగ్ పిల్లలకు ఈ దారిన అది దగ్గరవుతోంది.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది రంగుల పద్ధతి. దిద్దని పుట ఎర్రగా ఉంటుంది. ఒకరు మొత్తం దిద్దితే పసుపు. ఆ పసుపు పుటను దిద్దిన మనిషే ఆకుపచ్చ చేయలేరు, ఆ బొత్తామే వాళ్ళకు అందదు. ఇంకొకరు వచ్చి, మళ్ళీ మొదటి నుంచి బొమ్మతో పోల్చి చూసి ఆమోదిస్తేనే పచ్చ. దిద్దినవారు ప్రొఫెసరైనా సరే, ఆమోదించేది మొదటి ఏడాది విద్యార్థి కావచ్చు. మన కాలేజీల్లో విద్యార్థి రాసినదాన్ని మాస్టారు దిద్దడమే తప్ప మాస్టారు రాసినదాన్ని విద్యార్థి సరిచూడటం ఎక్కడుంది? ఇక్కడ ఉంది, ఎవరికీ చిన్నతనం లేకుండా ఉంది. ఒక పుట చరిత్ర తెరిచి చూస్తే ఎవరు ఏ అక్షరం మార్చారో తేదీతో సహా కనబడుతుంది. పనిలో నిజాయితీ నేర్పడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

ఈ విద్య 2023, 24లో మరో చోట పనికొచ్చింది. స్వేచ్ఛ, ఓజోనెటెల్ సంస్థ కలిసి తెలుగు కథలు చెప్పగల చిన్న భాషా నమూనా ఒకటి తయారు చేశాయి. పేరు 'చందమామ కథలు'. అలాంటి నమూనాకు మేత కావాలి, అంటే తప్పుల్లేని తెలుగు పాఠం కావాలి. నెట్టులో ఉన్న తెలుగు తక్కువ, ఉన్నదాంట్లో అనువాద యంత్రాలు ఉమ్మేసినది ఎక్కువ. అందుకని ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులను వేల సంఖ్యలో కూడగట్టి, దాదాపు 40 వేల పుటల తెలుగు కథల పాఠాన్ని సరిచూపించారు. 1947లో మొదలై తరాలకు కథలు చెప్పిన పత్రిక పేరు దానికి పెట్టుకోవడం సబబే. అంతమంది చేతులు పడ్డ పనిలో ఎగుడుదిగుళ్ళు తప్పవు. కానీ ఇంతమంది విద్యార్థులు కూర్చుని 'ఈ ఒత్తు సరిగా ఉందా' అని ఒకరినొకరు అడుగుకునే పరిస్థితి అంతకుముందు ఏ పరీక్షా తేలేదు.

తెలుగు అక్షరం యంత్రంలో ఎంత సున్నితమో లోకమంతా ఒకసారి చూసింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం ఉన్న సందేశం వస్తే ఐఫోన్లలో ఆ సందేశాల యాప్ కుప్పకూలింది. జ, పొల్లు, ఞ, దాని తర్వాత కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, చివర దీర్ఘం: ఈ వరుసను తెర మీద పేర్చే ప్రోగ్రాములో ఉన్న లోపం అది. ఆపిల్ ఆ నెల 19న ఐఫోన్ సాఫ్ట్‌వేరు 11.2.6 వెర్షన్ విడుదల చేసేదాకా తెలుగువాళ్ళు ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు. మూసిన పెట్టెలో ఉన్నదాన్ని బయటివాళ్ళు ఊహించి చెప్పగలరే తప్ప సరిచేయలేరు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీస్ వాడే హార్ఫ్‌బజ్ అనే పేర్పు యంత్రం అలా కాదు. దాని కోడు తెరిచే ఉంటుంది. అందులో ఒక ఒత్తు తప్పుగా పడితే ఏ ఊరి విద్యార్థి అయినా ఆ అక్షరం, ఆ ఫాంటు, వచ్చిన బొమ్మ, రావాల్సిన బొమ్మ పక్కపక్కన పెట్టి ఫిర్యాదు రాయవచ్చు. మంచి ఫిర్యాదు రాయడం కూడా పనితనమే. 'తెలుగు సరిగా రావడం లేదు' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. 'రాష్ట్రం అన్న మాటలో రెండో ఒత్తు బొత్తాం అంచు దగ్గర తెగిపోతోంది, ఈ ఫాంటులో తెగడం లేదు, ఈ రెండింటిలో తెగుతోంది' అని రాస్తే సరిచేసేవారికి సగం పని అయిపోయినట్టే. బొత్తాలు పరీక్షించడానికి 'స్త్రీ', 'రాష్ట్రం' టైపు చేసి చూడటం ఈ పని అలవాటైనవాళ్ళకు వేళ్ళ మీదికి వచ్చేస్తుంది.

అందరూ కూడి తమ కంప్యూటర్లలో లినక్స్ వేసుకునే ఇన్‌స్టాల్ ఫెస్ట్ గురించి కొంచెం చెబుతాను, మన ప్రాంతానికి అది వెంటనే పనికొచ్చేది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. పాత ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్లు విండోస్ 11కు పనికిరావు. చిన్న ఊళ్ళలోని కాలేజీ ల్యాబుల్లో, జిరాక్స్ షాపుల్లో, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు కొనుక్కున్న ఇళ్ళలో అలాంటివే ఎక్కువ. తేలికపాటి లినక్స్ వేస్తే అవి ఇంకొన్నేళ్ళు నడుస్తాయి. వేసేవారి నేర్పు ఎక్కడుందంటే, వేయకముందు చేసే పనిలో. ముందు ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫోటోలు, ప్రాజెక్టులు వేరే డిస్కులోకి ఎక్కించాలి. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని అంకెల వరుస రాసిపెట్టుకోవాలి. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా లినక్స్ నడిపి వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్ పని చేస్తున్నాయో లేదో చూడాలి. ఇదంతా అయ్యాకే డిస్కులో చోటు చేసి, విండోస్‌ను ముట్టుకోకుండా దాని పక్కన లినక్స్ పెట్టాలి. 'డిస్కు మొత్తం చెరిపివేయి' అన్న గడి ఇన్‌స్టాలరులో ఎంతో చేరువలో ఉంటుంది. నిదానమున్న సీనియర్ అక్కడికి వచ్చేసరికి మౌస్ నుంచి చేయి తీసి, ల్యాప్‌టాప్ యజమాని అయిన జూనియర్‌నే చదవమంటారు. తాను చేసి పెట్టకుండా ఎదుటివారి చేత చేయించడం ఆలస్యం. కానీ ఆ జూనియర్ సెలవులకు గిద్దలూరు పోయినప్పుడు అక్కడ సాయానికి ఎవరూ ఉండరు. ఇంటి దగ్గర తనంతట తాను చేసుకోగలగాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలున్న గదిలో మాట్లాడటం కూడా ఈ పనిలో భాగమే. మంచి అంబాసిడర్ స్లైడ్లు తగ్గిస్తారు. స్వేచ్ఛ గురించి పెద్ద మాటలతో మొదలుపెట్టరు. అందరి ముందూ ఒక చిన్న ప్రోగ్రాము కోడు తెరిచి, అందులో ఒక సందేశాన్ని మార్చి, మళ్ళీ నడిపి చూపిస్తారు. తెర మీద వరుస మారుతుంది. వెనక బెంచీ నుంచి 'అట్టా మార్చొచ్చా?' అని ఒక గొంతు వస్తే చాలు, ఆ సెషన్ ఫలించినట్టే. మార్చొచ్చు, మార్చినదాన్ని పంపొచ్చు, బాగుంటే వాళ్ళు కలుపుకుంటారు. 'మెర్జ్ అయింది' అన్న రెండు మాటల్లో ఉండే సంతోషం ఏమిటో అనుభవించినవాళ్ళకు తెలుసు.

ఈ రంగంలో నాసిరకం పని లేదని చెప్పను. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఉత్సవంలో నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే కోడులో మార్పుల ప్రతిపాదనలు, పంపితే టీషర్టు ఇస్తామన్నారు. దానితో ప్రపంచవ్యాప్తంగా వేలమంది, మన దేశం నుంచి కూడా చాలామంది, ఎవరికీ అక్కరలేని మార్పులు కుప్పలుగా పంపారు. పరిచయ పత్రంలో ఒక విశేషణం చేర్చడం, ఒక ఖాళీ వరుస పెట్టడం. జీతం లేకుండా ప్రాజెక్టులు నడిపేవాళ్ళు వాటిని మూసి మూసి అలసిపోయారు. నిర్వాహకులు ఆ నెల మొదటి వారంలోనే నియమం మార్చి, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులకే పంపాలన్నారు. తప్పు పిల్లలది మాత్రమే అనలేను. లెక్క అడిగితే లెక్కే వస్తుంది. మన కాలేజీల్లో అంబాసిడర్లను 'ఎన్ని సెషన్లు పెట్టారు, ఎంతమంది వచ్చారు' అని అడుగుతారు. 'ఏ పుట పచ్చ అయింది, ఏ ఒత్తు సరైంది' అని అడిగే అధ్యాపకులు ఉన్నచోట పిల్లల పని వేరుగా ఉంటుంది.

పలకల ఊరిగా పేరున్న మార్కాపురానికి ఈ పనితో సంబంధం ఏమిటని అడిగేవారుంటారు. ఒకప్పుడు దేశంలోని బడిపిల్లల చేతుల్లో ఉన్న రాతి పలకల్లో అధిక భాగం ఇక్కడి గనుల నుంచి వెళ్ళినవే. లక్షలమంది మన రాయి మీద అక్షరం దిద్దుకున్నారు. ఈ కాలపు పలక మీద మాత్రం మన ప్రాంతం ఇంకా సరిగా లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి చూడండి. అది 2004లో స్టీవ్ కోస్ట్ లండన్ యూనివర్సిటీ కాలేజీ విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన స్వేచ్ఛా పటం, ఎవరైనా గీయవచ్చు. ప్రతి ఊరికీ ఇంగ్లీషు పేరు గడితో పాటు తెలుగు పేరుకు విడిగా గడి ఉంటుంది. నల్లమల అంచు పల్లెలు, చెంచు గూడేలు, గుండ్లకమ్మలో కలిసే వాగులు, ఎండాకాలం ట్యాంకర్లు తిరిగే దారులు: ఇవి పటం మీద తమ సొంత పేర్లతో ఉండాలంటే ఆ పేర్లు తెలిసినవాళ్ళే రాయాలి. సెలవులకు ఇంటికొచ్చే విద్యార్థికి ఇంతకంటే తగిన పని లేదు. ఫోను చాలు, జీపీఎస్ చాలు, అడిగి తెలుసుకునే ఓపిక కావాలి.

అక్కడా పనితనం పరీక్షకు వస్తుంది. ఒక బస్సు బోర్డు మీద 'ఎర్రగొండపాలెం', ఒక కార్యాలయం మీద 'యర్రగొండపాలెం'. ఒకచోట 'బేస్తవారిపేట', ఇంకోచోట 'బెస్తవారిపేట'. రైల్వే స్టేషను మీద ఒకటి, ఊళ్ళో నోట మరొకటి. పటం చేసేవాళ్ళ నియమం ప్రకారం నేల మీద బోర్డులో ఉన్నది ముఖ్యమైన పేరుగా రాయాలి, రెండో రూపానికి 'ప్రత్యామ్నాయ పేరు' అనే గడి ఉంది, అందులో దాన్నీ ఉంచాలి, దేన్నీ చెరపకూడదు. బోర్డు ఫోటో తీసి, ఏ బోర్డో వ్యాఖ్యలో రాసి, మార్పు పంపాలి. తర్లుపాడు నుంచి ఒకరు రాస్తే కొమరోలు నుంచి ఇంకొకరు సరిచూడాలి. రెండు బోర్డులు రెండు రకాలుగా ఉన్నప్పుడు ఏది ముందు గడిలోకి పోవాలో ఆ ఊరి పోస్టుమాస్టరును అడగవచ్చు, బడి పంతులును అడగవచ్చు, అరుగు మీద కూర్చున్న పెద్దాయనను అడిగితే ఆ పేరు ఎలా వచ్చిందో కూడా చెబుతాడు. దానికి అచ్చయిన ఆధారం దొరికితే రాసుకోవడానికి వికీపీడియాలో ఆ ఊరి పేజీ ఉంది.